పడగకీ పండగకీ మధ్య

హల్ నగరంలో జనవరి. నాలుగింటికే చీకటి.
హంబర్ నది బురద వాసన
ఆస్పత్రి కార్ పార్కు దాకా ఎక్కి వస్తుంది.
నా జేబులో ఊదారంగు మూతల గొట్టాలు ఆరు,
రాసే పెన్ను ఒకటి, రాయని పెన్ను ఒకటి,
ఏది ఏదో ఎప్పటికీ గుర్తుండదు.

నాలుగో మంచం నెవిల్. ఐదో మంచం రోలండ్.
అన్నదమ్ములు.
పెళ్ళిళ్ళు లేవు. ఒకే ఇల్లు, ఒకే కెటిల్,
ఒకే వారం మొదలైన దగ్గు.
ఇద్దరి ఊపిరితిత్తుల్లోనూ దొరికిన సూక్ష్మజీవి ఒక్కటే.
నమ్మకం లేక ల్యాబు వాళ్ళు రెండోసారి కూడా చూశారు.

నెవిల్ ఒళ్ళు కాలే పెనం.
ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టినవాడిలా
తన నెత్తుటినీ తన నాళాల్నీ
తనే తగలబెట్టుకుంటున్నాడు.
రోలండ్ మాత్రం చల్లగా, బుద్ధిమంతుడిలా.
అతని మానిటర్ కూడా గొంతు తగ్గించి మాట్లాడేది.
"వీడి గురించి దిగుల్లేదు" అని
రౌండ్స్‌లో ఎవరో అన్నారు. నేనూ తలూపాను.

వాళ్ళ చెల్లెలు ఐరిస్
తడి కోటు విప్పకుండానే కూర్చుంది.
రక్తం తీసి ఏం చూస్తారు, అంది.
అక్షరాలు, అన్నాను.

మూడో తరగతి డిక్టేషన్‌లో
టీచరు పడగ అంటే నేను పండగ అని రాశాను.
"ఒక్క సున్నాతో పామునే మాయం చేశావు కదే!" అని
పలక ఎత్తి క్లాసుకంతా చూపించింది.
ఆ నవ్వులు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.
ఇది ఐరిస్‌కి ఏ ఇంగ్లీషులో చెప్పను?
మూడు వందల కోట్ల అక్షరాల పుస్తకంలో
ఎక్కడో ఒక సున్నా పడడమో, జారడమో.
దొంగ దూరినప్పుడు ఎంత గట్టిగా అరవాలో,
పోయాక ఎప్పుడు ఊరుకోవాలో
అదే చెబుతుందేమో.
చెబుతుందేమో, అంతే. నలభై ఏళ్ళ సిగరెట్లూ చెప్పవచ్చు,
అంబులెన్స్‌కి ఆలస్యమైన ఒక గంటా చెప్పవచ్చు.

"మావాళ్ళకి పనికొస్తుందా ఇది?"

రాబోయే రోగులకు మేలు జరగవచ్చు,
అని ఉంది మాకు నేర్పిన జవాబు.
రాదు, అన్నాను.

ఆమె పెన్ను తీసుకుంది. రాయనిదే ఇచ్చాను.
కాగితం మీద పేరు పడింది, రంగు లేకుండా,
ఒట్టి గాడిలా.
రెండో పెన్నుతో ఆ గాడిలోనే
మెల్లగా, తప్పకుండా, మళ్ళీ రాసింది.

మూడో రాత్రి పోయినవాడు రోలండ్.
అలారం మోగిందంటే మోగింది, అంతే.
నిప్పు రాజుకోని ఇల్లు అతనిది.
చలి లోపలికొచ్చి ఎప్పుడు కూర్చుందో
మాలో ఎవరమూ చూడలేదు.
నెవిల్ మంట ఆరో రోజుకి దానంతటదే తగ్గింది.
ఎడమ కాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయి.
గొంతులో గొట్టం తీయగానే టీ అడిగాడు,
పంచదార ఎక్కువేసి.
తర్వాత ఐదో మంచం వైపు చూశాడు.
అక్కడ అప్పటికే వేరే ఎవరిదో మోకాలు
దుప్పటి కింద కదులుతోంది.

ఇప్పుడు ఇద్దరూ మైనస్ ఎనభైలో
ఒకే అరలో, పేర్లు లేకుండా, పక్కపక్క నంబర్లుగా.
చదవడానికి రెండేళ్ళు పడుతుందట.
చదివినవాళ్ళకి వీళ్ళు అన్నదమ్ములని
ఎవరూ చెప్పరు. అక్షరాలే చెబుతాయి,
సగం దాకా.

మొన్న బస్టాపులో ఐరిస్ కనిపించింది.
ఏమీ అడగలేదు. కోటు చెయ్యి పైకి లాగి
మోచేతి మడతలో నీలం నరం చూపించింది.
"నాదీ తీసుకో. నేను ఎవరి వైపో చూడు."

మంచం మీద ఉన్నవాళ్ళవే తీయాలి, రూలు.
అది చెప్పలేదు.
ఆ చెయ్యి కిందికి లాగి కఫ్ పెట్టబోతే
బొత్తాం లేదు.
అలాగే పట్టుకుని నిలబడ్డాను, బస్సు వచ్చేదాకా.
నా వేళ్ళ కింద ఆమె నాడి
ఏ లిపిలోనో కొట్టుకుంటోంది.